వెనుక గల్లీ నుంచి ఓడ దాకా

ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి పిల్లలూ. చాప మీదికి జరగండి. ఇంకొంచెం దగ్గరికి, నా గొంతు ఇదివరకటిలా లేవడం లేదు. నేను చదువుకున్నదాన్ని కాదు. సంతకం పెడతాను, బస్సు బోర్డు చదువుతాను, అంతే. కానీ ఒకసారి విన్న మాట నా దగ్గర విన్నట్టే ఉంటుంది. ఎవరు ఏమన్నారో, అన్నప్పుడు ఏ చేత్తో గడ్డం గోక్కున్నారో కూడా మరిచిపోను. ఇది కొందరికి నచ్చదు. నచ్చకపోవడానికి వాళ్ల కారణాలు వాళ్లకు ఉన్నాయి.

మా ట్రావెల్స్ ఆఫీసు కరీంనగర్ బస్టాండ్ వెనుక ఉండేది. బస్సు కట్టి జనాన్ని కాశీకి, రామేశ్వరానికి, షిరిడీకి తీసుకుపోయేది. ఆ బస్సుల్లో వంట నాది, ఆడవాళ్లకు తోడు నేను. ముసలమ్మలకు వేళకు గోళీలు వేయించడం, గుంపులో తప్పిపోయిన అత్తను వెతికి తెచ్చి కోడలికి అప్పజెప్పడం, ఇలాంటివన్నీ నా పనే. వెతికి తెచ్చినందుకు నా మీద మొహం ముడుచుకున్న కోడళ్లు కూడా ఉన్నారు. మనిషి గుణం ఇంట్లో తెలియదు, గుడిలో తెలియదు. ఒక్క నీళ్ల నల్లా దగ్గర బస్సెడు జనంతో వరుసలో నిలబడినప్పుడు తెలుస్తుంది. నా నౌకరీ అంతా ఆ నల్లా పక్కనే గడిచింది.

తర్వాత కరోనా వచ్చింది. బస్సులు నిలిచిపోయాయి, టైర్ల కింద గడ్డి మొలిచింది. రెండోసారి వచ్చిన జబ్బు ఎందరినో ఊడ్చుకుపోయాక, జనం మూతిగుడ్డను మెల్లగా గడ్డం కిందికి దించుతున్న రోజుల్లో మా ఆఫీసు సారు ఒక పొద్దున పండ్లన్నీ ఇకిలించుకుంటూ వచ్చాడు.

"అవ్వా, ఇగ కాశీ లేదు, గీశీ లేదు. ఇగ ఓడ!"

"ఏం ఓడ సారూ?"

"బొంబాయిల ఎక్కుడు, సముద్రంల తిరుగుడు, మళ్ల బొంబాయిల దిగుడు. మధ్యల గోవా. పెద్ద హోటలే నీళ్లల్ల పోయినట్టుంటది."

"మీరు సూసిండ్రా?"

"ఫోన్ల సూసిన."

మా సారు కళ్లారా చూసిన పెద్ద నీళ్లంటే మానేరు డ్యాం. అయినా ఆ రోజు నుంచి సముద్రం తన పెరట్లో ఉన్నట్టే మాట్లాడాడు.

ఓడవాళ్ల నియమాలు మా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే పిల్ల చదివి చెప్పింది. రెండు సూదులూ వేయించుకుని ఉండాలి. ఓడ ఎక్కడానికి మూడు రోజుల లోపల ముక్కులో పుల్ల పెట్టించుకుని, జబ్బు లేదని కాగితం తేవాలి. రేవులో ఓడ డాక్టర్లు మళ్లీ చూస్తారు. అక్కడ ఒక్కరికి ఉన్నట్టు తేలినా వాళ్లతో ఒకే బండిలో వచ్చినవాళ్లు, ఒకేచోట తిన్నవాళ్లు కూడా ఎక్కడానికి లేదు. "పెద్దమ్మా, గీ ముచ్చట వచ్చే గిరాకీలకు పదిసార్లు చెప్పు" అంది ఆ పిల్ల. నేను ఇరవైసార్లు చెప్పాను. గోడకు చెప్పినా సున్నమన్నా రాలేది.

మొదటి గిరాకీ భైంసా నుంచి వచ్చింది. పత్తి మిల్లు సేఠ్. ఆయన పెళ్లిరోజు పండగ ఓడ మీద చేసుకోవాలని ముచ్చట. సేఠ్, ఆయన భార్య, కొడుకు, కోడలు, ఇద్దరు మనవళ్లు, బావమరదులు, వాళ్ల భార్యలు. చివరన ఒక పేరు ఉంది, సేఠ్ అక్క. మనవళ్లను పట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి కదా, అందుకు. నాకు ఓడ టికెట్ లేదు. వాళ్లకు పరీక్షలు చేయించి, బొంబాయి తీసుకుపోయి, ఓడ ఎక్కించి, దిగేదాకా అక్కడే ఉండి తిరిగి ఇంటికి చేర్చడం నా పని.

ముక్కులో పుల్ల పెట్టే మనిషిని తీసుకుని నేను సేఠ్ ఇంటికి పోయాను. సేఠ్ ఊయల బల్ల మీద కూర్చుని ఆ మనిషిని కిందికీ మీదికీ చూశాడు.

"గీ పుల్లలు పెట్టుడెందుకయ్యా? లేదని కాగితం మీద గుద్ది ఇయ్యి. నాకు జబ్బు లేదని నాకు ఎరుక లేదా?"

"గట్ల ఇయ్యరాదు సేఠ్. రేవుల మళ్ల సూస్తరు" అన్నాను.

"నీ సారుతోని నేను మాట్లాడుత గని నువ్వు జరగు."

మా సారుకు ఫోన్ పోయింది. వెంటనే సారు నాకు చేశాడు. "అవ్వా, పెద్ద గిరాకీ. ఏదన్న జర అటూ ఇటూ సూడరాదు?" అని నీళ్లు నమిలాడు. వెనక నుంచి కంప్యూటర్ పిల్ల ఫోన్ గుంజుకున్నట్టుంది, ఆ గొంతే వినిపించింది. "పెద్దమ్మా, దొంగ కాగితమైతే రేవు కాడ్నుంచి సీదా ఠాణాకు పోతరని చెప్పు." చెప్పాను. ఠాణా పేరు వినగానే సేఠ్ ముక్కు దానంతట అదే పైకి లేచింది.

ఇక ఆ ముక్కుల ముచ్చట ఏమని చెప్పను! మిల్లులో హమాలీల మీద అరిస్తే ఆసిఫాబాద్ దాకా వినిపించే మనిషి దూదిపుల్లకు కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. సేఠ్ భార్య ముక్కుపుడక తీయనంది, తీస్తే శకునం కాదంది, చివరికి తీసి ఆ పుల్ల మనిషినే తిట్టింది. పెద్ద బావమరిది పుల్ల తగలకముందే తుమ్మాడు.

అందరిదీ అయిపోయింది. సామాను సర్దుకుంటున్న మనిషిని ఆపి, "ఇంకొకరున్నరు గద?" అన్నాను.

"ఎవరు?" అంది సేఠ్ భార్య.

"మీ వదినె."

"ఆమెకెందుకు? పిల్లల్ని పట్టుకునుడే గద ఆమె పని."

"పిల్లల్ని ఓడల పట్టుకోవాలె గదమ్మా. ఒడ్డుమీన్నుంచి పట్టుకోరాదు."

వెనుక వంటింటికి నేనే పోయాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని సకినాలు కాలుస్తోంది. అవి ఓడ మీదికట. మూడు పూటలా వండి పెట్టే ఓడలోకి వీళ్లు సకినాలు, మామిడితొక్కు, జొన్నపిండి, ఒక స్టవ్ కూడా కట్టుకుంటున్నారు. ఓడ మునిగితే వీళ్ల డబ్బాల బరువుకే మునగాలి. ఆమె చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది, తల ఎత్తింది, రెప్ప కూడా ఆడించలేదు.

"నొచ్చిందా అక్కా?" అని అడిగాను.

"మిరపకాయల పొగ కంటె నయమే" అంది.

ఆమెది మంథనిలో అత్తగారిల్లు. పెనిమిటి పోయి చాలా ఏళ్లయింది. "మా అక్కను నేనే సాదుతున్న, తిండి పెడుతున్న" అని సేఠ్ వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటాడు. ఎవరు ఎవరిని సాదుతున్నారో ఆ వంటింటి పొయ్యిని అడిగితే తెలుస్తుంది.

కాగితాలు వచ్చాయి. ఎవరికీ జబ్బు లేదు. అసలు తప్పు అప్పుడు మొదలైంది. ఇటువంటి తప్పు ఇటువంటివాళ్లే చేయగలరు. ఆ కాగితాన్ని వాళ్లు తాయెత్తు అనుకున్నారు. నిన్న జబ్బు లేదన్న కాగితం రేపు జబ్బును ఇంటికి రానివ్వదనుకున్నారు. సేఠ్ తన కాగితానికి ప్లాస్టిక్ వేయించి, దేవుని అర్రలో పెట్టించి, కుంకుమ బొట్టు కూడా పెట్టించాడు.

"సేఠ్, ఓడ ఎక్కేదాంక బయటోళ్లను రానియ్యకుండ్రి. అందరొక్కకాడ తినకుండ్రి" అన్నాను.

"సర్టిఫికెట్ వచ్చినంక గూడ భయమేనా? నువ్వు బాగ పిరికిదానివి అవ్వా!"

మర్నాడు పొద్దున చూస్తే ఇంటి ముందు షామియానా వేశారు. యాటలు కోశారు. పయనం పోయేవాళ్లకు సాగనంపే దావత్ అట. సముద్రం మీదికి పోయేవాళ్లు ఆ ఊళ్లో వీళ్లే మొదలు కాబట్టి ఊరంతా దీవించాలట. ఆదిలాబాద్ నుంచి సేఠ్ అత్తగారు దిగింది. ముత్తయిదువలందరికీ పెద్ద. మనిషి మంచిదే కావచ్చు, కానీ కారు దిగిన దగ్గర నుంచీ ఆగకుండా దగ్గుతూనే ఉంది.

"ఏందమ్మా ఆ దగ్గు?" అన్నాను.

"ఏం లేదు, కారుల చలిగాలి కొట్టింది."

ఆ చలిగాలికి కండ్లు కూడా ఎర్రబడ్డాయి.

సాగనంపేటప్పుడు నోరు తీపి చేయడం వాళ్లింటి పద్ధతి. పెద్ద ముత్తయిదువ నెయ్యి రాసిన పోలెను, అదే బొబ్బట్టును, చుట్టి, పోయేవాళ్ల నోటికి తన చేత్తో అందిస్తుంది. ఒక్కొక్కరికి ఒక్కో పోలె ఇస్తే బంధం తెగుతుందట! అందుకని ఒక్క పోలెనే అందరూ వరుసగా కొరకాలి. అల్లుడు కొరికాడు, బిడ్డ కొరికింది, కొడుకులు, కోడళ్లు, పసిపిల్లలు, అందరూ కొరికారు. మధ్య మధ్య ఆమె పక్కకు తిరిగి దగ్గుతుంది, అదే చేత్తో మూతి తుడుచుకుంటుంది, మళ్లీ పోలె అందుకుంటుంది. "అమ్మా, ఎంగిలి..." అని నేను నోరు తెరిచాను.

"తల్లి చేతిది ఎంగిలంటవా? అటు పో!" అంది సేఠ్ భార్య.

అటు అంటే ఎటో అప్పటికే తేల్చి ఉంచారు. పొద్దునే ఆమె వంటింటి గడప దగ్గరికి వచ్చి, "వదినె, బస్సు ఎల్లేదాంక నువ్వు ఇటే ఉండు. మంచి పనికి పోతున్నం, ఎదురు రాకు. ఏమనుకోకు" అని వదినెకు చెప్పింది. తర్వాత నా మెడ వైపు చూసి, "అవ్వా, నువ్వు గూడ" అంది. నేనూ పెనిమిటి పోయినదాన్నే. వాళ్ల కోసం ఊళ్లు పట్టుకుని తిరగడానికి నేను పనికొస్తాను, వాళ్లకు ఎదురుగా నిలబడడానికి పనికిరాను. సరే అన్నాను. నౌకరీలో సరే అనడం నేర్చుకోనివాళ్లు ఎక్కువ కాలం ఉండరు.

అలా మేమిద్దరం వెనుక వాకిట్లో పీటలు వేసుకుని కూర్చున్నాం. ముందు వాకిట్లో డప్పులు మోగుతున్నాయి. మాతో మా జీపు డ్రైవర్ కూడా ఉన్నాడు. నడి వయసు దాటినా పెళ్లి కాని మనిషి.

"నాకు పెండ్లే కాలే గద పెద్దమ్మా, మరి నేను శకునమా అపశకునమా?" అన్నాడు.

"నువ్వు ఖాళీ జాగవు, ఊకె కూసో" అన్నాను. ఆమె నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

బస్సు పూలదండలతో ముందు నుంచి పోయింది. డబ్బాలు, సంచులు, స్టవ్, ఆమె, నేను జీపులో. అదీ బస్సు కనుమరుగయ్యాకే, వెనుక గల్లీ నుంచి.

దారిలో జీపు అద్దాలు దించుకుని పోయాం. గాలికి పత్తి చేల వాసన వస్తోంది. ఆమె మెల్లగా అడిగింది.

"అక్కా, సముద్రం గోదారి కంటె వెడల్పుంటదా?"

"అవతలి ఒడ్డు కానరాదట."

"మా ఆయన చెప్పేటోడు. మంథనిల రోజు గోదారికి పోయేదాన్ని. గీ నీళ్లన్ని ఏడికి పోతయి అంటె, సముద్రానికి పోతయే, నిన్నొకపారి తీస్కపోత అన్నడు. తీస్కపోకముందే పోయిండు." కొంగుతో మూతి తుడుచుకుంది. "పిల్లలు నిద్రపోయినంక జరసేపు సూసొస్త. గంతే. ఎక్కువేం ఒద్దు."

గోదారి కలిసేది బొంబాయి వైపు సముద్రంలో కాదని, దానికి అటు దిక్కున ఉన్న సముద్రంలో అని కంప్యూటర్ పిల్ల నాకు ఎప్పుడో చెప్పింది. ఆ మాట నేను ఆమెకు చెప్పలేదు. ఇన్నేళ్లు ఎదురుచూసిన మనిషికి దిక్కులు నేర్పడం నా పని కాదు.

బస్సువాళ్లు మొక్కు తీర్చుకోవడానికి షిరిడీలో రోజున్నర ఉన్నా, డాబాల దగ్గర ఆగినా మేం వాళ్లకు దూరంగా చెట్టు కిందే ఆగాం. మమ్మల్ని పక్కన కూర్చోనివ్వరు, మాకూ ఆ ముచ్చట లేదు. జొన్నరొట్టె, తొక్కు తిన్నాం. బస్సులో వాళ్లు ఏసీ పోతుందని అద్దాలన్నీ బిగించుకుని దారి పొడుగునా పాటలు పాడారట. బొంబాయిలో దిగేసరికి సగం మందికి గొంతు రాదు.

"బాగ పాడినం" అన్నాడు సేఠ్, బొంగురుగా.

"పాటకు ముక్కుల కెళ్లి నీళ్లు గూడ కారుతయా పెద్దమ్మా?" అని డ్రైవర్ నా చెవిలో అడిగాడు.

రేవులో పెద్ద పందిరి కింద కుర్చీలు వేశారు. ఎదురుగా ఓడ. ఊరంత ఉంది, తెల్లగా, కిటికీలే కిటికీలు. సేఠ్ అక్క మెడ అటే తిరిగిపోయింది. ఓడవాళ్ల డాక్టరమ్మ పైనుంచి కిందిదాకా తెల్ల తొడుగు వేసుకుని వచ్చింది. ఆమె మాట్లాడేది హిందీ, వీళ్లు జవాబిచ్చేది మన మాటా హిందీ కలిపి. నేను మన మాటలోనే చెప్తాను.

మళ్లీ ముక్కులు, మళ్లీ పుల్లలు. పరీక్ష పట్టీ మీద ఒక్క గీత వస్తే జబ్బు లేనట్టు, రెండు గీతలు వస్తే ఉన్నట్టు. సేఠ్‌కు రెండు గీతలు. ఆయన భార్యకు రెండు. కోడలికి రెండు. తుమ్మిన బావమరిదికి రెండు, అవీ కొంచెం చిక్కగానే.

సేఠ్ సంచిలోంచి ప్లాస్టిక్ వేయించిన కాగితం తీసి డాక్టరమ్మ మొహం ముందు ఆడించాడు. బొట్టు ఇంకా ఉంది దాని మీద.

"గిది సూడు మేడం! లేదని రాసి ఉన్నది! ప్లాస్టిక్ గూడ ఏయించిన!"

"కాగితానికి ఏయించిండు, తనకు ఏయించుకోలే" అని గొణిగాడు మా డ్రైవర్.

డాక్టరమ్మ కాగితం పట్టుకోలేదు. ఆ పరీక్ష తర్వాత ఎవరినైనా కలిశారా అని అడిగింది. అందరూ నేల చూశారు. మనవళ్లలో చిన్నవాడు మాత్రం ముందుకొచ్చి, "ముత్తవ్వ దగ్గుకుంట దగ్గుకుంట మాకు పోలె పెట్టింది" అని సంతోషంగా చెప్పాడు. వాడి తల్లి వాడి వీపు మీద ఒక్కటి వేసింది. ఆ ఇంట్లో నిజం చెప్పినవాడికి దొరికింది అదే.

బస్సులో వచ్చినవాళ్లెవరూ ఎక్కడానికి లేదని డాక్టరమ్మ చెప్పేసింది. ఇక సేఠ్‌కు ఎవరినో ఒకరిని నిందించాలి. చుట్టూ చూస్తే పిల్లల సంచి భుజాన వేసుకుని నిలబడ్డ అక్క కనిపించింది.

"గీమెతోనే వచ్చుంటది మేడం! సంతకు పోయేది గీమె, కూరగాయలు తెచ్చేది గీమె, అందరి పళ్లాలు కడిగేది గీమె!"

డాక్టరమ్మ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి పుల్ల పెట్టింది. అందరం ఆ పట్టీ వైపు చూస్తూ నిలబడ్డాం. నా ఇష్టదైవాన్ని తలుచుకున్నాను, దాచుకోను. ఒక్క గీత వచ్చింది. చాలాసేపు చూశారు. ఒక్కటే.

"ఈమె కూడా మీ బస్సులోనే వచ్చిందా?" అని డాక్టరమ్మ అడిగింది.

అవునని ఒక్క మాట అని ఉంటే ఆమె ఓడ ముచ్చట అక్కడితో ముగిసేది. కానీ సేఠ్ భార్యకు తన హోదా అడ్డం వచ్చింది. అంత జ్వరంలోనూ మెడ నిక్కించింది.

"మాతోని ఎట్ల కూసుంటది? ఆమె సామానుతోని జీపుల వచ్చింది. మేం తిన్నకాడ తినలే, మేం కూసున్నకాడ కూసోలే. దావత్ల గూడ లేదు, ఎనుక వాకిట్ల ఉండె. మా నోరు తీపి చేసిననాడు ఆమెను దగ్గరికే రానియ్యలే!"

"నిజమేనా?" అని డాక్టరమ్మ నన్ను అడిగింది.

"నిజమే తల్లీ. ఎదురు గూడ రానియ్యలే" అన్నాను. నా నౌకరీ మొత్తంలో గిరాకీ చెప్పిన మాటకు అంత మనస్ఫూర్తిగా తల ఊపింది ఆ ఒక్కసారే.

డాక్టరమ్మ ఏదో రాసుకుని, "అయితే ఈమె ఎక్కవచ్చు" అంది.

చూడాలి ఆ మొహాలు! ఇన్నాళ్లూ గోడ కట్టి ఆమెను అవతల నిలబెట్టారు. ఆ గోడే ఆమెను కాపాడింది. కట్టినవాళ్లు ఇటువైపు మిగిలిపోయారు. అప్పుడైనా సిగ్గుపడ్డారా? సిగ్గుకు కూడా కొంచెం తెలివి కావాలి.

సేఠ్ గొంతు సవరించుకున్నాడు. "అక్కా, నువ్వొక్కదానివి ఏం పోతవే? మేమందరం పాణం బాగలేక పండుకుంటె మాకు గంజి కాసేటోళ్లెవరు?"

"అవ్ వదినె" అంది భార్య. "పిల్లలే ఎక్కకపాయె. నీకు ఓడల ఏం పని?"

ఆమె ఓడ వైపు చూసింది. తమ్ముడి వైపు చూసింది. ఆమెకు అలవాటైన జవాబు నాకు తెలుసు. ఆ ఇంట్లో ఆమె నోటి నుంచి సరే తప్ప ఇంకో మాట నేను వినలేదు. ఆమె నా వైపు తిరిగింది.

"అక్కా, ఓడల నాకు జాగ ఉన్నదా? నిజంగ?"

"టికెట్ మీద నీ పేరున్నది. నీ మంచం నీకున్నది."

భుజాన ఉన్న పిల్లల సంచి తీసి మరదలి కాళ్ల దగ్గర పెట్టింది. మెల్లగా, ఏ విసురూ లేకుండా.

"పని లేదంటివి గద మరదలా. గదే సూస్త. పని లేని జాగల మనిషి ఎట్లుంటదో ఒక్కపారి సూసొస్త."

తన చిన్న మూట చంకలో పెట్టుకుని పోయింది. మెట్ల దగ్గర నిలబడ్డ తెల్లబట్టల మనిషి వంగి ఆమెకు దండం పెట్టాడు. ఆమె తన వెనుక ఎవరో పెద్దవాళ్లు వస్తున్నారనుకుని పక్కకు తప్పుకుంది. ఎవరూ లేరు. అప్పుడు ఎక్కింది.

మిగిలినవాళ్లను ఊరి చివర ఒక హోటల్లో పెట్టారు, తలుపులు వేసుకుని ఉండమన్నారు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. ఆదిలాబాద్‌లో ఆ అత్తగారు కూడా కోలుకుంది. కోలుకుని, తన వాళ్లకు రేవులో దిష్టి తగిలిందని అందట. డ్రైవర్, నేను పక్కనే ఇంకో చోట ఉండి వాళ్లకు తిండి చేరవేశాం. పళ్లెం గడప బయట పెట్టి తప్పుకోవాలి. ఒక రోజు సేఠ్ తలుపు సందులోంచి, "ఏం బతుకవ్వా ఇది, గడప అవుతల పెట్టిన కూడు తినుడు!" అని వాపోయాడు. ఆ మాట ఎవరి బతుకు గురించి అన్నాడో ఆయనకు తట్టలేదు. తడుతుందేమోనని కాసేపు నిలబడ్డాను కూడా.

ఓడ తిరిగి వచ్చింది. ఆమె దిగింది. మొహం ఎండకు కమిలింది, నడకలో కొంచెం ఊపు ఉంది.

"ఎట్లుంది అక్కా?"

"గోదారి ఇటు దిక్కు రాదట. అటు సముద్రంల కలుస్తదట. ఓడల ఒకామె చెప్పింది." నవ్వింది. "అయినా మంచిగనే ఉన్నది. పొద్దుమూకంగ ఒక్కదాన్నే కూసుంటె ఎవ్వలు లెవ్వు అనలే."

వాళ్లందరి కోసం పట్టి ఉంచిన పెద్ద బల్ల దగ్గరే ఆమెను కూర్చోబెట్టారట. చుట్టూ ఖాళీ కుర్చీలు, ప్రతి కుర్చీ ముందు పళ్లెం. మొదటి పూట ఆమె లేచి ఆ పళ్లాలన్నీ కడగడానికి తీసుకుపోబోతే వడ్డించేవాళ్లు పరుగెత్తుకొచ్చారట. రెండో రోజు నుంచి గదులు ఊడ్చే ఆమెతో స్నేహం కలిసింది. ఆమె దగ్గర తుండుగుడ్డను మడిచి ఏనుగు చేయడం నేర్చుకుంది. జీపులో నాకు చేసి చూపించింది. తొండం కూడా వచ్చింది.

వాళ్లు గదుల్లోంచి బయటికి వచ్చేదాకా ఆమె నాతోనే ఉంది. గంజి అడిగారు కదా, కాచింది. కక్ష పెట్టుకునే మనిషి కాదు. గిన్నె గడప బయట పెట్టి, తలుపు కొట్టి, పక్కకు తప్పుకునేది.

"లోపటికి రాకున్నా జర మొఖమన్న సూపియ్యి అక్కా" అన్నాడు సేఠ్ ఒక రోజు.

"నేను ఎదురు రావద్దు గద తమ్మీ" అంది గోడ పక్క నుంచి. ఎగతాళిగా అనలేదు, మామూలుగానే అంది. నేను మాత్రం కొంగు నోట్లో కుక్కుకున్నాను.

తిరుగు పయనంలో భైంసా చేరాం. ముందు వాకిట్లో ముత్తయిదువలు ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నారు. బస్సు దిగిన ఒక్కొక్కరికీ దిగదుడిచి లోపలికి పంపుతున్నారు. సముద్రం చూడకుండా వచ్చినవాళ్లకు దిష్టి తీస్తున్నారు. చూసివచ్చినామె జీపులో ఉంది. సేఠ్ భార్య మా దగ్గరికి వచ్చింది.

"వదినె, నువ్వు అటు నుంచి రా."

అన్నీ జరిగాక కూడా అదే మాట, అదే చెయ్యి వెనుక గల్లీ వైపు చూపిస్తూ.

ఆమె దిగలేదు. ఒళ్లో ఉన్న తుండుగుడ్డ ఏనుగును సరిగ్గా నిలబెట్టింది. డ్రైవర్‌ను అడిగింది.

"బండి మంథని దిక్కు పోతదా అన్నా?"

"కరీంనగర్ దాంక పోతది. ఆణ్నుంచి బస్సు దొరుకుతది."

"పోనియ్యి."

సేఠ్ పరుగెత్తుకొచ్చాడు. "ఏడికే అక్కా? ఆడ నీకేమున్నదే? పాతబడ్డ ఒక్క అర్ర!"

"అవ్ తమ్మీ, ఒక్క అర్రనే. దానికి ఒక్కటే తలుపు. ఎనుక నుంచి రమ్మననీకి ఎనుక తలుపే లేదు."

డ్రైవర్ బండిని ముందు వీధి మీదుగానే పోనిచ్చాడు. ముత్తయిదువల మధ్య నుంచి, ఎర్రనీళ్ల పళ్లేనికి ఎదురుగా, హారన్ కొట్టుకుంటూ. ఆ మనిషికి నేను అప్పటిదాకా ఇవ్వని మర్యాద ఆ రోజు ఇచ్చాను.

మా ఆఫీసు సారు ఓడ ముచ్చట వదులుకుని మళ్లీ కాశీ బస్సు కట్టాడు. కంప్యూటర్ పిల్ల పెళ్లి చేసుకుని పోయింది. నాకు మోకాళ్లు పోయి నేను పని మానేశాను. ఆమె మంథనిలోనే ఉంది. సకినాలు కాల్చి అమ్ముతుంది, తీరినప్పుడు గోదారి ఒడ్డున కూర్చుంటుంది. నేను అప్పుడప్పుడు పోతుంటాను. ఆమె పోయాక పెట్టుకున్న వంటమనిషి పారిపోయినప్పుడు సేఠ్ ఆమెను తీసుకుపోవడానికి ఒకసారి వచ్చాడట. ముందు తలుపు నుంచే వచ్చాడు, ఇంకోటి లేదు కదా. చాయ్ ఇచ్చి పంపించింది.

ఇక లేవండి, పొయ్యి మీద పప్పు మాడుతున్నట్టుంది. మీ ఇండ్లు పచ్చగా ఉండాలి. మీ గాదెల్లో వడ్లు, మీ దూలానికి ఊయల, మీ పొయ్యి మీద రోజూ ఒక మనిషికి సరిపడా ఎక్కువ అన్నం ఉండాలి. మీరు కట్టుకునే ఇండ్లకు ఎన్ని తలుపులైనా పెట్టించుకోండి. కానీ మీ ఇంటి మనిషి ఏ ఒక్కరికీ, అటు నుంచి రా అనే మాట మీ నోటి నుంచి రాకుండుగాక.